జగపతిరావు బ్యాటరీకి చలిజ్వరం

చలికాలం మొదలైందంటే జగపతిరావు పొద్దున్నే తన కారు బ్యాటరీని తిట్టందే చాయ్ ముట్టేవాడు కాదు. మనుషులను తిట్టడం ఆయనకు చేతకాదు. ఆ లోటంతా బ్యాటరీ మీద తీర్చుకునేవాడు.

నేను జనగామ నుంచి బదిలీ మీద మానుకోట బడికి లెక్కల సారుగా వచ్చి, బయ్యారం దారిలో ఉన్న ఆయన ఊళ్ళో, ఆయన ఇంటి ముందు గదిలోనే అద్దెకు దిగాను. ఆయనకొక నల్ల కారు. అరవై తొమ్మిది ఉద్యమంలో బస్సులు నిలిచిపోతే కోపమొచ్చి కొన్నాడు. కోపంతో కొన్నందుకేమో, కోపంతోనే నడిపేవాడు. "రోజూ బడి కాడ దింపుత సారూ" అంటే పొంగిపోయాను. ఆ పొంగు కార్తీకం దాకే.

కార్తీకంలో పరీక్షలు మొదలయ్యాయి. నా పిల్లలకు కాదు, బ్యాటరీకి. జగపతిరావు బానెట్ ఎత్తి, మూతలు విప్పి, గాజుగొట్టంతో లోపలి ఆసిడ్‌ను పైకి పీల్చి, జ్వరం చూసే డాక్టరులా కళ్ళు చికిలించేవాడు.

"మంచిగనే ఉన్నది! హారన్ కొట్టు సారూ."

కొట్టేవాణ్ణి. ఊరు లేచేది.

"గొంతు మంచిగనే ఉన్నది. లైట్లు వెయ్యి."

కొట్టం గోడ మీద వెలుగు పడి బర్రెలు బెదిరేవి.

"చూపు మంచిగనే ఉన్నది. ఇగ తాళం తిప్పు."

తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు. అంతే!

"చూసినవా! పరీక్షలన్ని పాసు, పని కాడికొస్తె ఫేలు! అచ్చం మీ బడి పోరగాండ్ల లెక్క!"

"మా పోరగాండ్లను తొయ్యనక్కర లేదన్నా!" అనేవాణ్ణి రోషంగా.

"చలికి బ్యాటరీ సత్తువ సగమైతది. ఇంజన్ల నూనె చిక్కబడ్తది. లోకమంత ఎరుకే!"

"గది కాశ్మీర్ల అన్నా! మన ఊళ్ళె స్వెటరేసుకున్న మనిషే లేడు."

"మనిషికెందుకు స్వెటరు? బ్యాటరీకి కావాలె!" అంటూ తన భుజం మీది గొంగడి తీసి బ్యాటరీకి కప్పేవాడు.

ఇది చూసి ఆయన భార్య కమలాదేవి మండిపడేది. "నేను జ్వరంతోని మూలుగుతుంటె ఒక గోలీ ఇచ్చి ఊకున్నడు. దానికి గొంగడి! మీరే చెప్పున్రి సారూ, గీ ఇంట్ల నేను పెండ్లామునా, గది పెండ్లామా?"

"నిన్ను తొయ్యకుండనే స్టార్టయితవు కదా!" అనేవాడాయన.

ఈ రభస జరిగే వేళకే తండా నుంచి దస్రు, అతని భార్య సోమ్లీ రోడ్డు మీదికి వచ్చేవారు. సోమ్లీకి క్షయ. రోజూ పొద్దున మానుకోట సర్కారు దవాఖానలో సూది వేయించుకోవాలి. మొదటి బస్సు ఎండెక్కితే గాని రాదు. అప్పటికి సూదుల వేళ దాటిపోతుంది. అందుకని నడకే.

"ఓ దస్రూ! గీ దిక్కుమాలిన బ్యాటరీ నా పానం తీస్తున్నది. జర ఒక చెయ్యెయ్యి!"

సోమ్లీ అరుగు మీద కూర్చునేది. దస్రు, నేను తోసేవాళ్ళం. కారు తుమ్మి, దగ్గి, లేచేది.

"ఎక్కున్రి, ఎక్కున్రి! నడిమిట్ల ఆగితె తోసేటోడెవడు?"

దస్రు పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకొని, ఛాతీ విరుచుకొని కూర్చునేవాడు. నేను ముందు సీట్లో ప్యాంటుకంటిన దుమ్ము దులుపుకునేవాణ్ణి. అప్పటికే బళ్ళో నా పేరు ‘తోపుడు సారు’. ఒకనాడు నల్లబల్ల మీద ఎవరో కారు బొమ్మ గీసి, వెనక నన్నూ గీశారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి తిరగబడ్డాను.

"కొత్త బ్యాటరీ కొంటరా, నన్ను ఇల్లు ఖాళీ చెయ్యమంటరా?"

"కొత్తది తెస్తె పాతది గెలిచిన అని నవ్వుతది సారూ! దానికి బుద్ధి చెప్పకుండ ఇడిస్తనా?"

ఆ కోపం తెల్లారినా దిగలేదు. మామూలుకంటే ముందే లేచి బయటికొచ్చాను. మంచులో బానెట్ ఎత్తి ఉంది. జగపతిరావు చేతిలో పానా. ఇన్నాళ్ళకు బాగుచేస్తున్నాడని దగ్గరికెళ్ళి చూస్తే, బ్యాటరీ వైరు బిగింపును వదులు చేస్తున్నాడు!

"అన్నా! మీరు బిగిస్తలేరు, ఇప్పుతున్నరు!"

పానా జారి కింద పడింది.

"మెల్లగ మాట్లాడు! దస్రు వచ్చే యాళ్ళయింది." తర్వాత ఆయనకే కోపమొచ్చింది. "ఏం జెయ్యమంటవ్? కార్తీకం మొదట్ల నువ్వు లీవు మీద పోయినప్పుడు, ఇద్దరు నడుస్తుంటె కారాపిన. సోమ్లీ దగ్గలేక రోడ్డు మీదనే కూలబడ్డది. అయినా వాడు ఎక్కనంటడు! ‘దొర బండి ఊకె ఎక్కితె రేపు దొర పొలంల ఊకె పని చెయ్యాలె, మా నాయిన చేసిండు, నాకొద్దు’ అన్నడు. మా నాయిన జమానల గట్లనే అయింది. తెల్లారి నిజంగనే వైరు వదులై బండాగింది. వాడే వచ్చి తోసిండు. తోసినంక రమ్మంటె దర్జాగ ఎక్కిండు! గప్పటిసంది..."

"గప్పటిసంది నాతోని గూడ తోపిస్తున్నరు!"

"వాడొక్కడే తోస్తె నమ్ముతడా?"

ఎవరి మీద మండిపడాలో తెలియలేదు. కింద పడ్డ పానా తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇంకో చుట్టు తిప్పున్రి. నిన్న బండి తొందరగ అందుకున్నది."

ఆ రోజు నుంచి బ్యాటరీని ఆయనకంటే గట్టిగా నేనే తిట్టాను.

శివరాత్రి వెళ్ళాక సూదులు అయిపోయాయి. ఇక రానక్కరలేదని డాక్టరు చెప్పాడు. ఆఖరి రోజని జగపతిరావు, నేను దవాఖాన ముందే ఆగాం. సోమ్లీని కారెక్కించి, దస్రు నేరుగా బానెట్ ఎత్తాడు. పానా అడిగి తీసుకొని, వైరు బిగింపును గట్టిగా తిప్పాడు.

"ఇగ గిది వదులుగ ఉండుడెందుకు దొరా? సోమ్లీ మంచిగైంది."

జగపతిరావు ముఖం ఎర్రబడింది. "నీకు... ఎరుకేనా? ఎప్పటిసంది?"

"మొదటిసందే. మా తండల గూడ ట్రాక్టరున్నది కదా దొరా, వైరు వదులైతె ఎరుక కాదా?"

"మరి ఎరుకై ఎందుకు తోసినవ్?"

"మీరు గింత తిప్పలు పడి ఎక్కిచ్చుకుంటుంటె, నేను తొయ్యకుంటె మర్యాదైతదా?"

"చూసినవా సారూ, చూసినవా! నేను వీణ్ణి మోసం చేస్తున్న అనుకుంటె, చలికాలమంత వీడే నన్ను చేసిండు!" జగపతిరావు నడిరోడ్డు మీద చిందులు తొక్కాడు.

వెనక సీట్లో సోమ్లీ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆగకుండా, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఒక్కసారి కూడా దగ్గలేదు.