నాయినలు పేర్చిన బతుకమ్మ

మా పెద్దపిల్లకు పుట్టుకతోనే ఎడమ పాదం లోపలికి తిరిగి ఉండేది. పటాన్‌చెరులో పైసా తీసుకోకుండా చూసే పిల్లల దవాఖాన ఒకటి ఉండేది. అక్కడ రెండు వారాలకొకసారి, శనివారం పూట, పాదాన్ని కాస్త కాస్త సరిచేస్తూ పిండికట్టు వేసేవారు. ఎప్పుడూ నా భార్యే తీసుకెళ్లేది. ఆ ఏడు ఆమె రెండో కాన్పుకు పోతిరెడ్డిపల్లిలో పుట్టింటికి వెళ్లింది. బొల్లారం మందుల కంపెనీలో షిఫ్టు మార్చుకుని, నాలుగేళ్ల బిడ్డను ఒళ్లో పెట్టుకుని, చిట్కుల్ నుంచి షేర్ ఆటోలో నేనే బయలుదేరాను.

వెళ్లేసరికి దవాఖాన వాకిట్లో షామియానా, చాపల మీద తంగేడు, గునుగు, బంతిపూల కుప్పలు. కట్లు వేయడం అయ్యాక తల్లులతో బతుకమ్మ ఆడించాలని డాక్టరమ్మ అనుకున్నదట. కానీ కట్టు ఆరేదాకా పిల్లల కాలు కదలకూడదు. తల్లులందరి ఒళ్లలో తడికట్ల పిల్లలే. ఇక పేర్చేదెవరు?

మనవణ్ని తీసుకొచ్చిన ఒక అవ్వ, అప్పుడే కట్టు వేయించుకొచ్చిన నా బిడ్డ కాలును కూడా తన దిండు మీద పెట్టించుకుని నావైపు చూసింది.

"ఏం సూస్తున్నవ్ కొడుకా? చేతులు ఖాళీగున్నది మీ మగోళ్లకే. తాంబాలంల గుమ్మడాకులు పరువు."

తండ్రులం ఐదుగురం ఉన్నాం; మిగతా నలుగురూ భార్యలతో కలిసి వచ్చినవాళ్లు. పూలు కోసుకురావడం చిన్నప్పటి నుంచీ మా పనే గానీ, పేర్చడం ఇంట్లో ఆడవాళ్లది. ఒడిషా నుంచి వచ్చిన వెల్డర్ ఒకతనైతే బతుకమ్మను చూడనే లేదు. "నీచే చౌడా, ఊపర్ పత్లా, హైనా?" అని, కింద వెడల్పు పైన సన్నం అంతేగా అన్నట్టు అడిగి, పైపు అతికినంత శ్రద్ధగా కూర్చున్నాడు. నాలుగో వరుసకు బతుకమ్మ మొత్తం ఒక పక్కకు ఒరిగి, మా మోకాళ్ల మీద కూలింది.

తల్లులు పడీపడీ నవ్వారు. "నవ్వండి గానీ కాళ్లు కదపకండి!" అని డాక్టరమ్మ అరిచింది, తనూ నవ్వుతూనే.

"నడుమ ఆకు నింపున్రి," అన్నది అవ్వ. "కడుపుల ఏం లేకుంటె ఎట్ల నిలవడ్తది?"

ఆకు నింపాం. ఈసారి నిలబడింది. అవ్వ పసుపు గౌరమ్మను పైన పెట్టింది.

మధ్యాహ్నానికి డాక్టరమ్మ ఒక్కొక్క కట్టూ వేలితో నొక్కి చూసింది. "ఆరాయి. కానీ కింద నిలబెట్టొద్దు."

"నాయినా, నేను గూడ తిరుగుత," అన్నది నా బిడ్డ.

ఆడవాళ్ల ఆటలోకి ఎట్లా పోవాలని నేను ఆగిపోయాను.

"బిడ్డను ఎత్తుకున్నోనికి సిగ్గేంది? నడువు!" అన్నది అవ్వ.

ఎత్తుకుని నడిచాను. నా వెనక వెల్డర్, అతని వెనక మిగతా తండ్రులు. మా చేతులు ఖాళీగా లేవు కాబట్టి చప్పట్లు పిల్లలే కొట్టారు. అవ్వ అప్పటికప్పుడు పాట కట్టింది:

"వంకర పాదాలు ఉయ్యాలో, సక్కగ గావాలె ఉయ్యాలో
బడిదాక మా పిల్లలు ఉయ్యాలో, ఉరుకంగ సూడాలె ఉయ్యాలో"

బిడ్డ నా చెవి పక్కనే చప్పట్లు కొడుతూ, పాట ఆగిన చోటల్లా "ఇంకోటి, ఇంకోటి" అని అరిచింది. ఆ పాదం తిన్నగా రావడానికి మరో ఏడాదిన్నర పట్టింది. వచ్చింది.

మర్నాడు బిడ్డను తీసుకుని పోతిరెడ్డిపల్లి వెళ్లి నా భార్యకు చెబితే నమ్మలేదు.

"నువ్వా? బతుకమ్మ పేర్చినవా?"

"సగం ఒడిషా ఆయన పేర్చిండు."

"అమ్మా, ఒకసారి కూలవడ్డది," అని బిడ్డ నిజం చెప్పేసింది.

ఆమె పొట్ట పట్టుకుని వంగిపోయి మరీ నవ్వింది. లోపల్నుంచి అత్త పరుగెత్తుకొచ్చింది.

"నొప్పులు గిట్ల వచ్చినయా?"

"నొప్పులు గాదమ్మా, నీ అల్లుడు బతుకమ్మ పేర్చిండంట!"

అత్త ఒక నిమిషం నన్ను ఎగాదిగా చూసింది.

"అయితే సద్దుల బతుకమ్మ నాడు మనది గూడ పేర్చుమను," అని కూతురితో చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది.