సీసం లేని కుంకుమ

మొన్న మా కోడలు సిద్దిపేట బజారు నుంచి కుంకుమ ప్యాకెట్టు తెచ్చి, విప్పకుండానే నా చేతికిచ్చింది, ఎందుకంటే ఈ ఇంట్లోకి ఏ సరుకొచ్చినా వెనక వైపు రాసింది చదవందే నేను ఊరుకోనని ఆమెకు తెలుసు. అద్దాలు పెట్టుకుని చూస్తే చిన్న అక్షరాల్లో "ఇందులో సీసం లేదు" అని ఉంది. కుంకుమల సీసమెందుకుంటది అత్తమ్మా అని కోడలు నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ప్యాకెట్టు ఆమెకిచ్చేసి వచ్చి వరండాలో కూర్చున్నాను.

చెరువు నిండి మత్తడి దూకితే చూడటానికి ఊరంతా కదిలే చోట పుట్టిన నేను, పెళ్ళయిన ఏడాదే సముద్రం అడుగు మట్టిని పరీక్షించే ఉద్యోగంలో చేరాను, అదీ సముద్రం మచ్చుకైనా లేని హైదరాబాదులో. మా ఆయన సిద్దిపేటలో బడిపంతులు, నేను పట్నంలో ఆడవాళ్ళ హాస్టల్లో. శనివారం సాయంత్రం ప్రజ్ఞాపూర్ మీదుగా వచ్చే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే ఆ వారానికి అదే పండగ. ఆ రోజుల్లో బస్సు సీటు మీద కిటికీలోంచి రుమాలు వేసి జాగా పట్టుకున్న వాళ్ళందరికీ ఆ ఆనందం గుర్తుండే ఉంటుంది. ఉద్యోగం ఏమిటని అడిగితే సముద్రం మన్ను కడుగుతున్నానని చెప్పేదాన్ని. జీతమిచ్చి మన్ను కడిగిస్తారా అని మా అత్తమ్మ చాలా రోజులు ఆలోచనలో పడింది.

నిజానికి అది ప్రాణాలు తోడే పని. ఓడ మీద నుంచి పొడవాటి గొట్టం దించి, సముద్రం అడుగు మట్టిని పొరలు చెదరకుండా పైకి తీస్తారు. పైన ఉన్నది ఈ మధ్య పేరుకున్న మట్టి, అడుగున ఉన్నది వేల ఏళ్ళ నాటిది. నీళ్ళు ఏ దేశపు రాళ్ళను ఒరుసుకుంటూ వస్తే ఆ రాళ్ళలోని సీసం పిసరంత ఆ మట్టిలో చేరుతుంది, ఒక్కో చోటి సీసానికి ఒక్కో ఆనవాలు. చెప్పులకంటిన మట్టి చూసి మనిషి ఎర్రచెల్కల్లోంచి వచ్చాడో నల్లరేగడిలోంచి వచ్చాడో మా బాపు చెప్పేవాడు. ప్రయోగశాల నడిపే మా పెద్దసారు మాతో చేయించేదీ అదే, ఏ పొరలో ఏ చోటి సీసం ఉందో చూసి ఆ కాలంలో లోతు నీళ్ళు ఎటు నుంచి ఎటు పారాయో చెప్పడం.

చిక్కంతా ఆ పిసరంత దగ్గరే. అందుకని తెల్ల కోటు, టోపీ, చేతికి తొడుగులు, గాజులు ప్రయోగశాల గది బయటే. గాజుల సంగతి అత్తమ్మకు తెలియనివ్వలేదు. మట్టి గిన్నెలతో పాటు ఏమీ వేయని ఖాళీ గిన్నె ఒకటి పెట్టేవాళ్ళం, దానికీ అదే ఆమ్లం, అదే వేడి. చివరకు ఆ ఖాళీ గిన్నెలో సీసం కనిపించిందంటే అది సముద్రానిది కాదు, మన ఒంటి మీద నుంచో బట్టల మీద నుంచో వచ్చి పడినది. ఆ విడత కరిగించిన మట్టి వృథా, ఒక్కో పొరకు దొరికేది ఒక్క చెంచా మట్టే, రెండో చెంచా ఉండదు.

చేరిన ఏడాది ముగియబోతుండగా నా ఖాళీ గిన్నెల్లో సీసం కనిపించడం మొదలైంది. మిగతా అందరివీ శుభ్రంగా ఉండేవి, నావే ఇట్లా. మా పెద్దసారు కేకలు వేసే మనిషి కాదు, వేస్తే బాగుండేది. నెల రోజుల్లో సర్దుకోకపోతే మిగిలిన పొరలు వేరేవాళ్ళకిస్తానని, ఉద్యోగం ఖాయం చేయమని పైకి రాయలేనని మెల్లగా చెప్పాడు. ఒక్కో గిన్నెను రెండేసి సార్లు కడిగేదాన్ని, అయినా భయం పోయేది కాదు.

అదే నెలలో మా ఆయన గుండెలో వాల్వు పాడైందని, ఆపరేషన్ తప్పదని తేలింది. తేదీ ఇచ్చేదాకా పట్నం దవాఖానలోనే పెట్టుకున్నారు. పొద్దంతా ప్రయోగశాల, సాయంత్రం దవాఖాన. మా తమ్ముడు తెచ్చే టిఫిన్ డబ్బాలో ఏముందో కూడా తెలియకుండా తినేదాన్ని. మంచాన పడటానికి ముందు, ఆయన మెట్లెక్కితేనే ఆయాసపడటం చూసి, అత్తమ్మ ఏదో జాతరలో కుంకుమ కొని తెచ్చింది. మామయ్య పోయి అప్పటికి ఆరేళ్ళు, ఆమె నుదురు ఖాళీ. తన చేత్తో పెట్టకూడదని పొట్లం నా అరచేతిలో పెట్టి అన్నది:

"వాడు మంచిగయ్యే దాంక నీ నొసలు ఉత్తగుండొద్దు బిడ్డా. గంతే, నేనింకేం అడగ."

ఆమె నిజంగానే ఇంకేమీ అడగలేదు. నేను రోజూ రూపాయి బిళ్ళంత పెట్టుకునేదాన్ని, మధ్యాహ్నం చెమటకు చెదిరితే మళ్ళీ దిద్దుకునేదాన్ని.

నాకంటే పెద్దదైన ఒక అక్క మా గదిలోనే పని చేసేది. ఆమె ఒకరోజు, నువ్వు వాడే వస్తువులన్నిట్లోంచి చిటికెడేసి తీసుకురా, ఏది సీసం మోసుకొస్తుందో చూద్దాం అంది. సబ్బు తీసుకుపోయాను, కొబ్బరి నూనె, పౌడరు, తువ్వాలలోంచి ఒక దారం, చివరకు హాస్టల్ నీళ్ళు కూడా. కుంకుమ మాత్రం తీసుకుపోలేదు. మరిచిపోయానని చెబితే మీరు నమ్ముతారు, కానీ అది అబద్ధం. చిటికెడు తీస్తూ వేళ్ళు ఆగాయి. అందులోనే ఉందని తేలితే తుడిచేయమంటారు, తుడిచేస్తే ఆయనకేమవుతుందో. రసాయనశాస్త్రం చదివిన దాన్ని, ఆ రెంటికీ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసినా చేయి రాలేదు. ఆ తర్వాత రెండు వారాల పాటు బొట్టుతోనే ఆ గదిలోకి పోయి మరో నాలుగు పొరలు కరిగించాను. నాలుగూ పాడయ్యాయి.

ఇక ఎనిమిది పొరలు మిగిలాయనగా, టోపీ విప్పుతుంటే లోపలి అంచున సన్నటి ఎర్రటి గీత కనిపించింది. అక్క కూడా చూసింది. ఆమె ఏమీ అనకముందే నేను గోడకానుకుని ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆమె పొట్లం అడిగి తీసుకుని చిటికెడు పరీక్షకు పెట్టింది. సీసం కొలిచే యంత్రం లెక్కపెట్టలేనంత ఉంది అందులో. రంగు కోసం ఎవరో సీసపు పొడి కలిపి ఉంటారంది. ఆ గదిలో ఇక బిళ్ళ బొట్టు కూడా వద్దు, జిగురులో ఏముందో తెలియదు అంది. మట్టి కరిగించి, వడపోసి, ఆరబెట్టడానికి వారం పడుతుంది, ఆ వారమంతా వెంట్రుక మొదలు దాకా శుభ్రంగా ఉండాలి. యంత్రం దగ్గర మా వంతు దాటితే నెల గడువూ దాటుతుంది. ఆ వారంలోనే ఆపరేషన్.

ఆ పని మొదలుపెట్టే పొద్దున కుళాయి కింద దుబ్బాక నేత తువ్వాల తడిపి నుదురు రుద్దుకున్నాను. తువ్వాల ఎర్రబడింది, నా నుదురూ ఎర్రబడింది, అద్దంలోకి చూడటానికి ధైర్యం చాలలేదు. గోళ్ళ సందుల్లోది సూదితో తీసుకున్నాను. సూది విదిలించిన ప్రతిసారీ ఆయన పేరు మనసులో అనుకున్నాను, క్షమించమనో, ఉండమనో.

సాయంత్రం దవాఖాన వరండాలో అత్తమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. దూరం నుంచే ఆమె చూపు నా నుదుటి మీద పడింది. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు నాకు. కుంకుమలో విషముందని, నా మూలంగా మట్టి పాడవుతోందని, ఉద్యోగం పోయేట్టుందని, భయంతో ఇన్నాళ్ళూ దాచానని, వారం దాకా పెట్టుకోలేనని నిలబడే చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను. ఆమె జరిగి నాకు జాగా ఇచ్చింది.

"నేను ఒక్క పూట గూడ నొసలు ఉత్తగుంచలే బిడ్డా," అన్నది. "గట్లని మీ మామ ఆగిండా?"

అప్పుడు అర్థమైంది, ఆ పొట్లం కొన్నది నమ్మకంతో కాదు, నా భయమే ఆమెదీ అని. ఆపరేషన్ జరిగినంతసేపూ ఖాళీ నుదుళ్ళతో ఇద్దరం ఆ బెంచీ మీదే, ఒకరి చేయి ఒకరం పట్టుకుని కూర్చున్నాం. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఆమె గోళ్ళు నా చేతిలో దిగేవి.

ఆయన బతికాడు. నా ఖాళీ గిన్నె కూడా ఖాళీగానే వచ్చింది. ఆ ఎనిమిది పొరల్లో ఒక చోట లోతు నీళ్ళు దారి మార్చుకున్న సంగతి కనబడింది, పెద్దసారు ఆ పటాన్ని వేలితో తడుముతూ పసివాడిలా సంతోషపడ్డాడు. గీతకు నడుమ పాడైన పొరల మేర జాగా వదిలేశాడు, అందులో నాలుగు నేను తెలిసీ పాడుచేసినవి. అవి ఎందుకు పాడయ్యాయని అడిగితే దాచకుండా చెప్పాను. తలూపాడు, గీతను మాత్రం కలపలేదు. ఆ నాలుగు పొరల కాలంలో సముద్రం ఎటు తిరిగిందో ఆ మట్టి ఇక ఎవరికీ చెప్పదు, నాకు భయం వేసినందుకు.

ఆ తర్వాత మా ఆయన ఇరవై ఏళ్ళకు పైగా నాతో ఉన్నాడు. ఆయన పోయిన రోజు పొద్దున నా నుదుట బొట్టు ఉంది, రూపాయి బిళ్ళంత. అంతకు ముందే అత్తమ్మ వెళ్ళిపోయింది, లేకుంటే ఆ బెంచీ మీద మళ్ళీ నాకు జాగా ఇచ్చి ఉండేది.

ఇప్పుడు కుంకుమను కూడా పరీక్ష చేసి, సీసం లేదని ప్యాకెట్టు మీద అచ్చు వేసి అమ్ముతున్నారు. మంచిదే. మొన్న నేను వరండాలో అట్లా కూర్చుని ఉండగా కోడలు అది పెట్టుకుని మా వాడి బండెక్కి దుబ్బాక పోయింది, బండి మలుపు తిరిగేదాకా నేను లేచి నిలబడి చూశాను. లోపలికొస్తూ అద్దం ముందు ఒక్క క్షణం ఆగాను. ఈ నుదురుతో ఆ ప్రయోగశాల గదిలోకి ఎప్పుడు పోయినా ఇప్పుడు నన్నెవరూ ఆపరు. కడుక్కోవడానికి దాని మీద ఏమీ లేదు.