మర్మెయిడ్ గౌనులో మోకాళ్లూనిన వార్డెన్

పోయిన నెల బంద్ రోజున మాదాపూర్‌లో తెలంగాణ ఉద్యమంవాళ్లు నన్ను రెండు చంకల కిందా చేతులేసి ఎత్తి నిలబెట్టారు. నేను ధర్నా చెయ్యలేదు. బస్సుకు అడ్డం పడలేదు. పెళ్లి గౌను వేసుకున్నాను! నవ్వండి, నవ్వాక మిగతాది వినండి.

నేను లేడీస్ హాస్టల్ వార్డెన్‌ని. చదివింది పదో తరగతే గానీ, పద్ధతి దగ్గర నా చేత పాస్ మార్కులు వేయించుకున్నవాళ్లు తక్కువ. మా మేనకోడలు షారోన్ సాఫ్ట్‌వేర్ పిల్ల. పెళ్లి కుదిరింది. మా క్రైస్తవుల ఇళ్లలో పెళ్లికూతురు తెల్ల పట్టుచీర కట్టి, నెత్తిన ముసుగు వేసుకుంటుంది. ఈవిడగారికి మర్మెయిడ్ కట్ గౌను కావాలట! మోకాళ్ల దాకా ఒంటికి అతుక్కుపోయి, అక్కడ చేప తోకలా విచ్చుకుంటుంది.

"సంఘం ఏమంటుందే?" అన్నాను.

"సంఘం వేసుకోదు కదత్తా, నేను కదా వేసుకునేది!"

మా తమ్ముడు తెలివిగా, "అక్క ఓకే అంటే నాకూ ఓకే" అని తప్పుకున్నాడు. పెళ్లికి అప్పటికి వారమే ఉంది. ఇంక తీర్పు నాది.

బంద్ అయినా పెళ్లి గౌన్ల షాపు ఆవిడ షట్టర్ సగం దించి మమ్మల్ని లోపలికి రానిచ్చింది. "మళ్లీ ఎప్పుడు తీస్తానో నాకే తెలీదు మేడమ్, ఇవాళే తేల్చేయండి" అంది.

షారోన్ గౌను వేసుకుని వచ్చింది. బాగుంది. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది.

"పాస్టర్ గారు ఆశీర్వదించేటప్పుడు మోకాళ్లూనాలి. ఇందులో వంగవు. చీరే."

"వంగుతాయి!"

"వంగవు."

"నువ్వు వేసుకున్నావా? తెలుసుకోకుండా తీర్పు తీర్చకూడదని సండే స్కూల్లో చెప్పింది నువ్వే!"

ఆ మాట పడతానా? ఇద్దరి కొలతా ఒకటే. ట్రయల్ రూమ్‌లోకి వెళ్లాను. షాపు ఆవిడ వెనక జిప్ లాగుతూ, "ఊపిరి బిగబట్టండి మేడమ్" అంది.

"ఎంతసేపు?"

"రిసెప్షన్ అయ్యేదాకా."

బుడిబుడి అడుగులతో అద్దం ముందుకొచ్చి మోకాళ్లూనాను. వంగాయి! షారోన్ చప్పట్లు కొట్టింది. సరే, లేద్దామనుకున్నాను. లేవాలంటే ఒక కాలు ముందుకు రావాలి కదా! రెండు కాళ్లూ ఒకే గొట్టంలో ఉన్నాయి.

"చూశావా, పనికిరాదు!" అని కింద నుంచే గెలిచాను. "ఇప్పుడు లాగవే" అంటూ రెండు చేతులూ చాపాను.

సరిగ్గా అప్పుడే షట్టర్ దడదడలాడింది. "జై తెలంగాణ!" షట్టర్ పైకి లేచింది. కండువాలేసుకున్న ఆడా మగా లోపలికొచ్చారు. షాపు ఆవిడ గౌను తొడిగిన బొమ్మ వెనక దాక్కుంది.

"బంద్ అని తెల్వదా? దుకాణం ఎట్ల తీసిండ్రు..." అంటూ వాళ్ల లీడర్ నన్ను చూసి ఆగిపోయాడు. తెల్ల గౌను, నెరిసిన జుట్టు, మోకాళ్ల మీద, చేతులు చాపి!

"అయ్యో, ఏందమ్మా గిది! షట్టర్ దించుమన్నం, గంతే. గీ మొక్కుడేంది? లే తల్లీ!"

"లేవలేనండి."

"జర లేవమ్మా, మాకు పాపం తాకుతది!"

"మొక్కట్లేదండీ బాబూ, గౌను!"

వాళ్లలో ఒకామె నా చుట్టూ తిరిగి చూసి, "అన్నా, పెళ్లిబిడ్డ ఇరుక్కున్నది!" అని తేల్చింది.

"గీ వయసులనా? మంచిగనే ఉన్నది. ముబారక్ అమ్మా! పట్టుండ్రి చెరో దిక్కు. జై..."

"తెలంగాణ!"

పర్ర్‌ర్! నేను లేచాను. మోకాలి పైనుంచి కింది అంచు దాకా కుట్టు ఊడింది.

పాడుచేసిన వస్తువు పాడుచేసినవాళ్లే కొనాలని హాస్టల్లో రోజూ చెప్పేది నేనే కదా! గౌను కొన్నాను. షారోన్ నన్ను ముద్దు పెట్టుకుంది. షాపు ఆవిడ ఊడినచోట నెట్ గుడ్డ వేసి వదులు చేసింది. పెళ్లిలో షారోన్ చక్కగా మోకాళ్లూని, ఇంకా చక్కగా లేచింది.

ఇంతటితో అయిపోతే బాగుండును. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ఇద్దరు తల్లులు నన్ను పక్కకు పిలిచారు.

"అక్కా, మా పిల్లలకీ అదే కట్ కావాలట. మీరొకసారి వేసుకుని చూసి చెప్తారా?"