గుద్దుకోని రెండు విమానాలు

మొన్న పక్కింటి వదిన మా ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతుంటే టీవీలో అడుగున అక్షరాలు పరుగెత్తాయి, గాల్లో రెండు విమానాలకు తృటిలో తప్పిన ప్రమాదం అని. వదిన చదివి, "గుద్దుకోలే కదా, మరి గిదేం వార్త?" అని వంటల చానల్ పెట్టమంది. నేను ప్రతి మాటకూ ఎదురు చెప్పే మనిషినని ఫలక్‌నుమాలో మా గల్లీ అంతటికీ తెలుసు; నీళ్ల ట్యాంకరు దగ్గర ఒకసారి నాతో పెట్టుకున్నవాళ్లు రెండోసారి పెట్టుకోరు. అలాంటిదాన్ని, ఆ మాటకు మాత్రం రిమోట్ ఆమె చేతికిచ్చేశాను. ఇరవై ఏళ్ల కిందట మా అమ్మ కూడా సరిగ్గా అదే అన్నది.

అప్పుడు నాది విమానాశ్రయంలో ఉద్యోగం, ఎటు తిరగాలో ఎంత ఎత్తులో ఉండాలో పైలట్లకు రేడియోలో చెప్పడం. విమానాశ్రయం ఊరి నడుమ ఉన్న ఆ రోజులు మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి, చుట్టాన్ని ఎక్కించి వచ్చి మధ్యాహ్నం అన్నం ఇంట్లోనే తినేవాళ్లం. నేను అక్కడ జెండాలు ఊపుతానని గల్లీలో అనుకునేవారు. కాదని వాదించి వాదించి అలిసిపోయి, అవును జెండాలే అని ఒప్పేసుకున్నాను. నిజానికి మేం కూర్చునేది కిటికీల్లేని చీకటి గదిలో. విమానమంటే మాకు తెర మీద ఒక చుక్క, పక్కన దాని ఎత్తు చెప్పే అంకె, అంతే. ఇంట్లో గొంతు చించుకునే నేను మైకు ముందు కూర్చుంటే బియ్యంలో రాళ్లు ఏరుతున్నంత నిదానంగా మాట్లాడేదాన్ని. ఏం జరిగినా గొంతు మారకూడదన్నది అక్కడ మాకు మొదట నేర్పే పాఠం.

ఒక మధ్యాహ్నం ఒక విమానం దిగుతూ వస్తోంది, ఇంకొకటి దానికి ఎదురుగా పైకి లేస్తోంది. లేచేదాన్ని ఒక ఎత్తు దగ్గర ఆగమన్నాను, పైలట్ సరేనన్నాడు, కానీ ఆగలేదు, అంకె నేను చెప్పిన హద్దు దాటి పెరుగుతూనే ఉంది. రెండింటినీ వెంటనే కుడికి తిరగమన్నాను. ఆ లోపలే తెర మీద రెండు చుక్కలూ ఒకటైపోయాయి. రాడార్ మరో చుట్టు తిరిగి చూపించేదాకా ఏమైందో ఎవరికీ తెలియదు. ఆ విమానాల్లో ఎవరో టీ తాగుతుంటారు, ఎవరో పిల్లకు జడ సర్దుతుంటారు, వాళ్ల సంగతి వాళ్లకే తెలియకుండా నేనొక్కదాన్నే మోస్తూ కూర్చున్నాను. తర్వాత చుక్కలు మళ్లీ రెండయ్యాయి.

మా పెద్దసారు వచ్చి భుజం తట్టి, "లే బిడ్డా" అన్నాడు. "నేనేం తప్పు చేసిన్నని లేవాలె సార్?" అంటే, "తప్పు జేసినవని ఎవలన్నరు? లే." అక్కడి పద్ధతి అది; గండం గడిపినవాళ్లయినా సరే, విచారణ తేలేదాకా ఆ కుర్చీలో కూర్చోకూడదు. హెడ్‌సెట్ ఇంకొకరికిచ్చి బయటికి నడిచాను. అది మళ్లీ నా చేతికి వస్తుందో రాదో చెప్పేవాళ్లు లేరు. గదిలో అందరూ నా వాళ్లే, కానీ ఎవరి విమానాలు వాళ్లకున్నాయి, ఒక్కరూ తల తిప్పలేదు.

లోకల్ రైలెక్కి మలక్‌పేట దగ్గర మూసీ దాటుతుంటే ఎదురుసీటు ఆమె నా మొహం చూసి ఏమైందమ్మా అని అడిగింది. ఏం చెప్పాలి, ఏమీ కాలేదు మరి.

ఇంటికొచ్చి చెబితే అమ్మ, "గుద్దుకోలే కదా, మరి గింత ఫికరెందుకే? కాళ్లు కడుక్కొని అన్నం తిను" అన్నది. మా బాపు రైల్వేలో సిగ్నల్ క్యాబిన్‌లో చేసి రిటైరైన మనిషి. ఉప్పు దగ్గర్నుంచి ఓటు దాకా మా ఇద్దరికీ ఒక్క విషయంలోనూ పడేది కాదు. ఆ రోజు మాత్రం నేను రెండు ముద్దలు తిని లేచాక పక్కకొచ్చి కూర్చున్నాడు.

"గొంతు వణికిందా?"

"వణకలే బాపు."

"గట్లైతే గిప్పుడు వణకనియ్. ఈడ నీ మాటలు రికార్డు చేసేటోడు ఎవడు లేడు."



విచారణలో ఆ రోజు నేను మాట్లాడిన టేపు నాకే వినిపించారు. అంత చల్లటి గొంతు ఎవరిదా అనుకున్నాను. తప్పు నాది కాదని తేలింది, హెడ్‌సెట్ తిరిగి ఇచ్చారు, చాలా ఏళ్లు అక్కడే చేసి ఈ మధ్యే మానేశాను. ఆ విమానాల్లో ఉన్నవాళ్లెవరో నాకు ఈనాటికీ తెలియదు. గాజుల దుకాణంలో బేరమాడుతున్నప్పుడు, ఆటో అతనితో లొల్లి పెట్టుకుంటున్నప్పుడు, ఇతను ఆ రోజు అందులో ఉన్నాడేమో అని తోచేది. ఉంటే ఉన్నాడని నేనేం తగ్గలేదనుకోండి.

ఇప్పుడు విమానాశ్రయం ఊరి అవతలికి వెళ్లింది. తెరలు పెద్దవయ్యాయి, ప్రమాదం దగ్గరపడితే యంత్రమే ముందుగా మోగుతుంది. అమ్మా లేదు, బాపూ లేడు, ఇంట్లో వాదించడానికి టీవీ తప్ప మరెవరూ లేరు. వదిన చిక్కుడుకాయలు తీసుకుని వెళ్లాక ఆ వార్త కోసం చానళ్లన్నీ తిప్పాను, ఎక్కడా రాలేదు. ఎక్కడో ఒక చీకటి గదిలోంచి ఎవరో లేచి బయటికి నడిచే ఉంటారు. ఇంటికి పోయేసరికి, గొంతు వణికిందా అని అడిగే మనిషి అక్కడ ఉన్నాడో లేడో.