చుట్టల వర్తకుడి కూతురు

మొన్న మనవరాలిని వెంటబెట్టుకుని నానక్‌రామ్‌గూడలో ఒక పెద్ద టవరు కింది దుకాణాల మధ్య నడుస్తుంటే, ఒక అద్దాల కొట్టులో చెక్కపెట్టెల్లో పొందికగా పేర్చిన లావుపాటి చుట్టలు కనిపించాయి. ఎవరో తలుపు తీయగానే పొగాకు వాసన గుప్పుమంది. మనవరాలు చెయ్యి పట్టుకు లాగుతున్నా నా కాళ్లు కదల్లేదు. మా కూకట్‌పల్లి ఇంట్లో పాత ట్రంకుపెట్టె మూత ఎత్తితే వచ్చే వాసన అది.

ఆ పెట్టె మా నాన్నగారి ముత్తాతది. ఆయన కాకినాడలో పేరున్న చుట్టల వర్తకుడు. గోదావరి లంకల పొగాకుతో చుట్టలు చుట్టించి, ఓడల మీద రంగూన్‌కు పంపేవారట. ఆయన రాసిన ఉత్తరాల నకళ్లు, వ్యాపారపు లెక్కలు, ఇంట్లో పుట్టినవాళ్ల జాతకాలు అన్నీ అందులో కలగాపులగంగా ఉండేవి. హైదరాబాదుకు బదిలీ అయినప్పుడు నాన్నగారు మంచాలూ బీరువాలూ అమ్మేశారు గానీ ఆ పెట్టెను మాత్రం రైల్లో తన సీటు కిందే పెట్టుకుని తెచ్చారు. అయితే అందులోది గొలుసుకట్టు రాత, అక్షరం అక్షరాన్ని పెనవేసుకుని ఉంటుంది. మాకెవరికీ కొరుకుడు పడేది కాదు. చదవగలిగింది నాన్నగారి అక్కయ్య, మా మేనత్త, ఒక్కతే. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని పుట్టింట ఉండిపోయిన ఆమెకు వాళ్ల తాతగారు పొద్దుపోవడానికని ఆ రాత నేర్పారట.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి. మాదాపూర్ వైపు బండలు పేల్చి మేడలు కడుతున్నారని చెప్పుకునేవారు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి వరండాలో అత్తయ్య కళ్లద్దాలు పెట్టుకుని చదువుతూ ఉండేది, నాన్నగారు రాసుకుంటూ ఉండేవారు; నేనూ పక్కన కూర్చుని వినేదాన్ని. మొదట్లో అన్నీ వానకు తడిసి బూజు పట్టిన చుట్టల కట్టల గొడవలే. తరువాత ఒక పిల్ల కనిపించింది. వర్తకుడి కూతురు, కాపురానికి వెళ్లకముందే భర్త పోయాడు. తండ్రి ఆ పిల్లకు చదువు చెప్పి, తన ఉత్తరాలకు నకళ్లు ఆమె చేతనే రాయించేవారు. ఆమె జుట్టు తీయించాల్సిందేనని, కాదంటే వెలివేస్తామని బంధువులు పట్టుబట్టారు. తీయించనని, మద్రాసు పంపి ఇంకా చదివిస్తానని ఆయన జవాబు రాశారు. ఆ జవాబుకు నకలు రాసింది కూడా ఆ పిల్లే.

అది చదివిన సాయంత్రం అత్తయ్య కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"తరవాతేమైందక్కయ్యా?" అన్నారు నాన్నగారు.

"కళ్లు లాగుతున్నాయిరా తమ్ముడూ. మిగతాది రేపు చదువుకుందాం" అంది.

తెల్లవారి ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఎడమ చేత్తో పెట్టె వైపు చూపించింది. నాన్నగారు ఒక్కొక్క కాగితమే ఎదురుగా పట్టుకునేవారు. ఆమె కళ్లు వరసల వెంట నడిచేవి. అయిపోగానే తల ఊపేది, ఆయన ఇంకొకటి తీసేవారు. చదువుతోందని తెలుస్తూనే ఉంది, ఏం చదువుతోందో తెలియదు. కొన్నాళ్లకు ఒక చిన్న కాగితం దగ్గర ఆమె కళ్లు ఆగిపోయాయి. తల ఊపలేదు. కళ్లవెంట నీళ్లు ధారగా కారాయి.

"అక్కయ్యా, ఆ పిల్లకేమైంది? పంపించారా? అవునంటే నా చెయ్యి నొక్కు."

ఆమె నొక్కలేదు. ఆ ఎడమ చేతిని పక్కనున్న నా జడ మీద వేసి నిమురుతూ, నోటితో ఏదో చెప్పబోయింది. గొంతులో శబ్దం వచ్చింది గానీ మాట కాలేదు. అది సంతోషమో దుఃఖమో ఈనాటికీ నాకు తెలియదు. నెల తిరక్కుండానే ఆమె పోయింది. నాన్నగారు మళ్లీ ఆ పెట్టె తెరవలేదు. ఆ చిన్న కాగితం మిగతావాటిలో ఎక్కడ కలిసిపోయిందో కూడా చూడలేదు.

ఆయన పోయాక పెట్టె నాతో పాటు ఈ అపార్టుమెంటుకు వచ్చింది. ఎందరినో వాకబు చేయగా ఆ రాత వచ్చిన పెద్దాయన ఒకరు దొరికారు. వానలు తగ్గాక తెమ్మన్నారు. ఆ వానల్లోనే, ఇంటికి రంగులు వేయిస్తూ సామాను సెల్లారులో పెట్టించిన వారంలో, కుండపోతగా కురిసింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, సెల్లార్ల నీళ్లు నిండినయ్. మీ సామాన్లన్ని మునిగినయ్. గిట్ల అయితదని ఎవలనుకున్నరు!" మోటార్లు పెట్టి నీళ్లు తోడాక పెట్టె తెరిస్తే నల్లటి ముద్ద. చెయ్యి పెడితే సిరా వేళ్లకు అంటింది. పట్టుకుంటే ఒక్క కాగితమూ విడిగా రాలేదు.

ఇప్పుడు మా పిల్లలు రోజంతా ఫోన్లలో రాసుకుంటూనే ఉంటారు. అంతా అచ్చు అక్షరాలే; ఎవరైనా చదవచ్చు, ఒకరు కూర్చుని చదివి చెప్పనక్కరలేదు, తరవాతేమైందని ఇంకొకరు ఎదురుచూడనక్కరలేదు. ఆ వరండాలో అలా కూర్చున్న ముగ్గురిలో నేనొక్కతెనే మిగిలాను. చుట్టుపక్కల ఇన్ని లక్షలమంది చదువుకున్నవాళ్లున్నారు గానీ, ఆ పిల్ల సంగతి అడగడానికి నాకెవరూ లేరు. అడిగినా ఫలానా అని చెప్పడానికి ఆమె పేరైనా నాకు తెలియదు. అత్తయ్య చదివి వినిపించినంతలో ఆ తండ్రి ఏ ఉత్తరంలోనూ 'మా అమ్మాయి' అనే తప్ప మరోలా రాయలేదు.