సందు మలుపులో బండి చప్పుడు

పార్శిళ్ళు పంచే ఆయన్ని ఆ వీధిలో అందరూ పార్శిలాయన అనే పిలుస్తారు. ఆయనకు ఒక్కతే కూతురు. పుట్టుకలోనే ఏదో దెబ్బ తగిలి ఆ పిల్లకు చూపు రాలేదు, మాట రాలేదు. మూడో అంతస్తులో కిటికీ పక్కన దిండ్ల ఆసరాతో కూర్చుని ఉంటుంది. ఎత్తుకున్నా, ముద్దు పెట్టినా ఆ మొహంలో చలనం ఉండదు. రోజుకు ఒక్కసారి మాత్రం ఉంటుంది. నాన్న బండి సందు మలుపు తిరగగానే కిటికీ వైపు తల తిప్పి, బిగించిన పిడికిలి విప్పి నవ్వుతుంది. ఆయన బండి ఆపి, మెట్లెక్కి వచ్చేసరికి పిడికిలి మళ్ళీ బిగుసుకుంటుంది.

"ఇవాళ కూడా నవ్విందా?" గుమ్మంలోనే అడిగేవాడు, హెల్మెట్ తీస్తూ.

"నవ్వకేం? చెవుల దాకా," అనేది భార్య.

ఆ నవ్వు ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ చూడలేదు. తను బండి మీద ఉంటేనే అది వస్తుంది మరి. ఫోన్‌లో తియ్యమంటే భార్య నవ్వేసేది. నవ్వేటప్పుడు పిల్ల ముందుకు వాలిపోతుంది, రెండు చేతులా పట్టుకోవాలి. ఇంక ఫోన్ పట్టుకునే చెయ్యెక్కడిది?

ఎంత పెందలాడే బయల్దేరినా ఇల్లు చేరేసరికి చీకటి పడేది. సిగ్నల్ పడ్డ ప్రతిచోటా బండి బద్ధకంగా కదిలేది. ఆ మాటే మెకానిక్ బాబాయితో అన్నాడు. అదే ఇంట్లో కింది వాటాలో ఉండే మిల్లు బావ కూడా అక్కడే ఉన్నాడు. చుట్టరికం ఏమీ లేదు, పిలుపు మాత్రమే. అతనిదీ అదే రకం బండి.

"నీ వెనక చక్రానికి చైను తిప్పే పళ్ళబిళ్ళకి నలభై రెండు పళ్ళు, వీడిదానికి నలభై అయిదు," అన్నాడు మెకానిక్. "పళ్ళు ఎక్కువైతే బండి ఒక్క ఉదుటున లేస్తుంది, పై స్పీడు తగ్గుతుంది. నువ్వేమో సిగ్నళ్ళ దగ్గర చస్తున్నావు. వీడేమో మిల్లు దాకా తిన్నటి రోడ్డు మీద పెట్రోలు తగలేస్తున్నాడు. మార్చుకోండి, పీడా పోతుంది."

"చైను కూడానా?" అన్నాడు పార్శిలాయన.

"చైనూ, ముందు బిళ్ళా, వెనక బిళ్ళా కలిసి అరిగినవయ్యా. మొగుడూ పెళ్ళాం పిల్లా అనుకో. ఒకళ్ళని ఉంచుకుని ఇద్దర్ని పంపిస్తే కాపురమేం సాగుతుంది?"

"బాగానే ఉంది గానీ," అన్నాడు మిల్లు బావ, "రేపు ఇంజన్ కూడా ఇమ్మంటాడేమో, చూడు బాబాయ్."

మూడూ మార్చుకున్న మర్నాటి నుంచి బండి లేడిపిల్లలా దూకింది. వెలుతురుండగానే ఇల్లు చేరి, అప్పటికే వచ్చి ఉన్న మిల్లు బావ బండి పక్కన తనది ఆపి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

"నవ్విందా?"

"నిద్రపోయింది," అంది భార్య. ఆ తర్వాత ఒకరోజు ముక్కు దిబ్బడేసిందంది. ఇంకో రోజు, అన్నం సరిగ్గా తినలేదు, అందుకే చికాగ్గా ఉందంది.

వెనక పళ్ళు పెరిగితే అదే వేగానికి ఇంజన్ మరి కాస్త ఎక్కువ తిరుగుతుంది. చప్పుడు ఒక మెట్టు పైకి జరుగుతుంది. అరిగిన చైను గలగల కూడా పాత బిళ్ళతోపాటే వెళ్ళిపోయింది. వీధిలో ఎవరికీ ఆ తేడా తెలియదు. చెవులతోనే బతికే పిల్లకు మాత్రం వచ్చింది నాన్న కాదు.

ఒకరోజు పార్శిళ్ళు తక్కువై మధ్యాహ్నానికే ఇంటికొచ్చాడు. పిల్లను పొదివి పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. పొద్దు వాలుతుండగా సందు మలుపులో బండి చప్పుడైంది. పిల్ల ఒళ్ళంతా ఒక్కసారి అదిరింది. పిడికిలి ఒక్కో వేలుగా విచ్చుకుంది. పెదవి ఎడమ చివర ముందు కదిలింది, ఆ వెనక కుడిది. ముక్కు మీద ముడతలు పడ్డాయి, నాలుక కొస బయటికొచ్చింది. నోరారా నవ్వింది.

కింద మిల్లు బావ బండి ఆపాడు.

"ఇక్కడున్నాను తల్లీ. ఇదిగో, ఇక్కడే," అన్నాడు పార్శిలాయన. పిల్ల ఆయన చేతుల్లోంచి కిటికీ వైపే వాలింది.

వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు. అతనొచ్చినప్పుడల్లా అంతే. నీతో ఏ నోటితో చెప్పమంటావు?"

సంగతి విని మిల్లు బావ నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో, ముందే చెప్పి చావకూడదా బావా! పద, ఇప్పుడే విప్పించేద్దాం. మైలేజీ మట్టిలో కలవనీ."

షెడ్డుకు వెళ్ళారు. మెకానిక్ స్పానర్ అందుకుని నట్టుకు తగిలించాడు. అప్పుడు పార్శిలాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇవాళ వద్దు బాబాయ్. రేపు."

మర్నాడూ రేపన్నాడు. మిల్లు బావకు అర్థమైనట్టుంది, మళ్ళీ అడగలేదు. మలుపు దగ్గర మాత్రం నెమ్మదిగా, పార్శిలాయన బండి మునుపు వచ్చినట్టే వస్తున్నాడు. తల ఎత్తి పైకి చూడడం లేదు.

ఇప్పుడు పార్శిలాయన దారిలో టీకి కూడా ఆగడు. బండి ఎంత చురుగ్గా లేస్తుందంటే, మిల్లు బావ వచ్చేలోగా ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, పిల్లను రెండు చేతులా పట్టుకుని కిటికీ దగ్గర సిద్ధంగా కూర్చోగలుగుతున్నాడు.

"అది నీ కోసమే నవ్వుతోందయ్యా," అంది భార్య ఒకనాడు, ఉండబట్టలేక. "నాన్న వచ్చాడనుకుంటోంది. ఆ బండి దిగి పైకొచ్చేవాడు మాత్రం ఎవడూ లేడు."

"తెలుసు," అన్నాడు ఆయన, పిల్ల మొహం మీంచి చూపు మరల్చకుండా.