ఇద్దర్నీ కలిసి రమ్మన్నారు: సూరత్‌లో ఒక రోజు

రాష్ట్రాన్ని విడదీసిన జాతీయ పార్టీకి మా కోస్తాలో పుట్టగతులు లేకుండా పోవడం కళ్లారా చూశాను. ఊరొదిలి సూరత్‌లో బతుకుతున్న తెలుగువాళ్ల దగ్గర పార్టీల సంగతి ఏమైందో చూడాలని చాన్నాళ్లుగా ఉంది. సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం రైలెక్కి మర్నాడు దిగాను, స్లీపర్‌కి ఐదారు వందలైంది. స్టేషన్ బయట షేర్ ఆటోలో ఇరవై రూపాయలిచ్చి, తెలుగువాళ్లు ఉండే సలాబత్‌పురా పేట చేరాను.

నా స్నేహితురాలి మేనమామ రాజమల్లు గారు అక్కడ మగ్గాల పని మానేసి, కూతురు లావణ్య టిఫిన్ బండి దగ్గర సాయంగా ఉంటున్నారు. లావణ్య ఉప్మా పెడుతూ, కార్పొరేషన్ ఎన్నికల్లో ఒక జాతీయ పార్టీని టికెట్ అడిగానని చెప్పింది. "పక్కా అని చెప్తలేరక్కా. మీ రెండు తెలుగు సంఘాల పెద్దలు కలిసి రావాలె, గదీ ఇయ్యాల్నే రావాలె అన్నరు."

చిక్కంతా అక్కడే ఉంది. ఒకప్పుడు ఇక్కడ ఒకటే సంఘం, ఎన్నికలొస్తే జాతీయ పార్టీల వాళ్లు దాని గుమ్మం ముందే ఉండేవారట. రాష్ట్రం విడిపోయాక సంఘం కూడా విడిపోవాలా వద్దా అని చీటీల మీద ఓట్లు వేయించారు. విడిపోవాలని పట్టుబట్టి వేయించిందీ, గెలిచిందీ, తెలంగాణ సంఘానికి పెద్దయిందీ రాజమల్లు గారే. ఆంధ్రా సంఘం పెట్టుకున్న రిటైర్డ్ రైల్వే ఉద్యోగి సూర్యారావు గారితో అప్పటి నుంచీ మాటల్లేవు.

"జర తోడు రా బిడ్డా. ఒక్కన్ని పోవాల్నంటే మొఖం చెల్లుతలేదు," అన్నారు రాజమల్లు గారు. సూర్యారావు గారుండే ఉధనాకి ఆటో ఎనభై రూపాయలు.

"ఏటి రాజమల్లూ, ఇన్నాళ్లకి గుర్తొచ్చానా!" అంటూ సూర్యారావు గారు టీ పెట్టించారు. విషయం విన్నాక మాత్రం ఆయన ముఖం వాడిపోయింది. "సంఘమేటి? బదిలీలకి సగం, రిటైరై సగం, అందరూ పోయారు. ఎప్పుడో మూసేశాం. రమ్మంటే వస్తాను గానీ, నా ఎనకాల ఎవుడున్నాడు?"

అయినా వచ్చారు. పార్టీ ఆఫీసాయన హిందీలో, మీ వైపు ఎన్ని ఓట్లున్నాయని అడిగాడు. సూర్యారావు గారికి అబద్ధం నోట రాలేదు. "రెండు. నాదీ, మా ఆవిడదీ." టికెట్ వేరేవాళ్లకేనని అతను అక్కడికక్కడే తేల్చేశాడు.

బయటికొచ్చాక రాజమల్లు గారు నావైపు చూడకుండా అన్నారు: "చీటీలు గెల్చిన్నాడు గల్లీ అంత లడ్డూలు పంచిన. ఈయన ఇంటికి ఒక్కటన్న పంపలే."

తెలంగాణ రావడం తప్పని నేననను, ఆయనా అనరు. కానీ సంఘంలో చీటీ వేసేనాడైనా, మా కోస్తాలో ఓటు వేసేనాడైనా మర్నాటి సంగతి ఎవరమూ ఆలోచించలేదు కదా అని రైల్లో చాలాసేపు బాధపడ్డాను. మీరు సలాబత్‌పురా వెళ్తే పొద్దున్నే వెళ్లండి, పది దాటితే లావణ్య బండి మీద ఉప్మా మిగలదు. వాళ్ల నాన్న పక్కన ఉంటే మాత్రం ఎన్నికల ఊసెత్తకండి.